‘బావా’ అన్న కేక

ఆ రోజు మా ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ముందే చెప్పాలి. ఎందుకంటే తర్వాత వాళ్ళలో ఒక్కొక్కరూ తాము అక్కడ లేమన్నారు.

అమ్మమ్మ ఉంది, ఇల్లు ఆమెదే. అమ్మ ఉంది. పిన్ని ఉంది. బయట అందరికీ ఆమె ఓక్ దన్బి, టీవీలో పాడే గాయని. ఇంట్లో మాత్రం సునిమ్. నేనున్నాను. ఎవరైనా వస్తే వంటింటి తలుపు వెనక నిలబడే యున్‌సుల్‌ని. ఇక నల్ల కారులోంచి దిగినవాళ్ళు ముగ్గురు. మా ప్రాంతపు ఎంపీ గుక్ తేబోమ్. శనివారం సాయంత్రాలు టీవీలో పాటల కార్యక్రమం నడిపే కమెడియన్ బాంగ్ దూసిక్. సియోల్ పత్రిక విలేకరి ప్యో జేమున్. కారు నడిపినతను సీటు వెనక్కి వాల్చి నిద్రపోయాడు. అతన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఆ కారు మా గేటు ముందు ఆగడం దగ్గర పోయిన వారం ఈ కథ ఆపాను. అది ఎందుకొచ్చిందో మరచిపోయిన వారికోసం రెండు మాటలు.

మా దగ్గర ఎన్నికలు వస్తున్నాయంటే జనం నోళ్ళలో ఆడే పాట ఒకటి తీసుకుని, మాటలు మార్చి, అందులో అభ్యర్థి పేరు, బ్యాలెట్ నంబరు ఇరికించి, ట్రక్కు మీద మైకు పెట్టి ఊరూరా తిప్పుతారు. వసంతంలో ఎంపీ మనుషులు వచ్చి పిన్ని పాట అడిగారు. వెల్లుల్లి చేలో కలుపు తీస్తున్న ఆడమనిషి పాట అది. గట్టు మీంచి ఇంటికి రమ్మని పిలిస్తే ఆమె ‘ఈ సాలు అయ్యాక వస్తా, ఆ సాలు అయ్యాక వస్తా’ అంటుంది. ఆ బాణీ అమ్మమ్మది. చేలో వంగినప్పుడల్లా ఆమె నోట్లో అది ఉంటుంది. అంతకుముందు వాళ్ళమ్మ నోట్లో ఉండేది. పిన్ని దానికి మాటలు కట్టింది, అంతే. ట్రక్కు మీదికి ఆ పాట ఇవ్వనంది.

కొన్నాళ్ళకే ప్యో జేమున్ పత్రికలో రాశాడు. ఆ బాణీ పాత జపాన్ పాట నుంచి ఎత్తుకొచ్చిందని, పేరు చెప్పడానికి ఇష్టపడని సంగీత పండితుడెవరో తేల్చాడని. ఒకప్పుడు జపాన్ ఏలుబడిలో నలిగిన మా కొరియాలో ఒక పాటని చంపాలంటే ఆ ఒక్క మాట చాలు. ఆ వెంటనే బాంగ్ దూసిక్ ‘నిజం తేలేదాకా’ అంటూ పిన్నిని తన కార్యక్రమంలోంచి తీసేశాడు. తిరునాళ్ళవాళ్ళు, పెళ్ళివాళ్ళు, చివరికి వృద్ధాశ్రమం వాళ్ళు కూడా ఆమెని పిలవడం మానేశారు. బడి బస్సులో వెనక సీటు పిల్లలు నన్ను చూసి జపాన్ భాష వెక్కిరించేవారు. ఎంపీ మాత్రం టీవీలో చాలా బాధపడ్డాడు. ‘ఆమె మా ప్రాంతపు ఆడపడుచు. కానీ పత్రికల స్వేచ్ఛలో నేను వేలు పెట్టను. ఆ విలేకరి ఎవరో కూడా నాకు తెలియదు’ అన్నాడు.

ఇప్పుడు ఆ ముగ్గురూ మేం చలికాలానికి సరిపడా కిమ్చీ, అదే క్యాబేజీ పచ్చడి, పెట్టుకునే రోజు చూసుకుని వచ్చారు. రాజీ కుదర్చడానికట.

మెట్టు దగ్గర బూట్లు విప్పగానే బాంగ్ దూసిక్ చేతులు చాచి, ఒకవైపు ఎంపీని, ఇంకోవైపు విలేకరిని నిలబెట్టాడు. మా అందరికీ వినపడేలా, “అరెరే, మీరిద్దరూ ఇంతవరకూ కలుసుకోనే లేదు కదూ!” అన్నాడు. ఇద్దరూ నడుం వంచారు. రెండు చేతులతో విజిటింగ్ కార్డు ఇచ్చారు, రెండు చేతులతో పుచ్చుకున్నారు. ఎంపీ ఆ కార్డుని కాసేపు శ్రద్ధగా చదివాడు కూడా.

“ప్యో గారూ, మీ రాతలు చదువుతుంటాను. కఠినంగా ఉంటాయి.”

“మీరు పెద్దమనసుతో ఏమీ అనుకోరని విన్నాను, ఎంపీ గారూ.”

ఒక్క కారులో దిగినవాళ్ళు దారిలో పరిచయం చేసుకోలేదా అని నాకు అప్పుడే అనిపించాల్సింది. అనిపించలేదు. సిగ్గుతో నేను వాళ్ళ మేజోళ్ళకేసి చూస్తున్నాను.

బయట గాలి కోస్తోందని పెద్ద గదిలోనే ప్లాస్టిక్ పట్టా పరిచాం. రాత్రంతా ఉప్పులో ఊరి, తెల్లారి కడిగి ఆరబెట్టిన క్యాబేజీలు గోడవారగా బుట్టల్లో ఉన్నాయి. మధ్యలో ఎర్ర తొట్టి నిండా ముద్ద. కారం, ముల్లంగి తురుము, వెల్లుల్లి, ఉప్పు చేపల రసం, నత్తగుల్లలు అన్నీ వేసి అమ్మ కలిపింది. పెరట్లో పొయ్యి మీద పంది మాంసం ఉడుకుతోంది. అందరూ తొట్టి చుట్టూ కూర్చున్నారు, నేను మాత్రం వంటింటి తలుపు దగ్గరే ఉండిపోయాను. ఎంపీ తొడుక్కున్న రబ్బరు గ్లవుజులకి ఇంకా మడత గీతలు పోలేదు. క్యాబేజీని పైకెత్తి పట్టుకుని, పైపైన కారం రుద్ది, విలేకరి కెమెరా వైపు నవ్వాడు.

“అయ్యా ఎంపీ గారూ,” అంది అమ్మమ్మ, “ఆకుకీ ఆకుకీ నడుమ పెట్టాలి. పైన పూస్తే రంగు అవుతుంది గానీ కిమ్చీ అవదు.”

“అలాగే అమ్మగారూ. మీ దగ్గర నేర్చుకోవడానికే వచ్చాను.”

“మా ఆయన కూడా అట్లాగే అనేవాడు. పోయేదాకా నేర్చుకోలేదు.”

బాంగ్ దూసిక్ పడీపడీ నవ్వాడు. టీవీలో నవ్వే నవ్వే. ఆ నవ్వు ఎప్పుడు ఆపాలో కూడా అతనికి తెలుసు. ఆపి, పిన్ని వైపు జరిగాడు.

“దన్బీ, ఎందుకే ఆ మొహం? కొత్త సంవత్సరం ప్రత్యేక కార్యక్రమంలో మొదటి పాట నీదే, సరేనా? ప్యో గారు కూడా పత్రికలో ఒక ముక్క వేస్తారు. ఆ పండితుడు పొరబడ్డాడనో, జపాన్ పాటకీ దీనికీ సంబంధం లేదనో.”

“పరిశీలించి వేస్తాను,” అన్నాడు ప్యో.

“పరిశీలించి వేస్తారు. నువ్వు చెయ్యాల్సింది చాలా చిన్న పని. ఇదిగో నా ఫోను. ఇక్కడే, ఈ గ్లవుజులతోనే, ఒక్కసారి సరదాగా పాడు. మాటలు నేనే కట్టుకొచ్చాను.” గొంతు సవరించుకుని, అమ్మమ్మ బాణీలో, తొడ మీద దరువేస్తూ అందుకున్నాడు. “ఏడో నంబరు వస్తాడూ, గుక్ తేబోమ్ వస్తాడూ, ఈ ఊరయ్యాక ఆ ఊరికీ...”

అమ్మమ్మ చేతిలో క్యాబేజీ అలాగే ఆగిపోయింది.

ఎంపీ సిగ్గుపడుతున్నట్టు తల అడ్డంగా ఊపాడు. “వద్దు దూసిక్ గారూ, బలవంతపెట్టకండి. కళాకారుల మనసు సున్నితం. ఆమెకి ఇష్టమైతేనే.”

పిన్ని తల వంచుకుని ఆకు తర్వాత ఆకు తెరిచి ముద్ద కూరుతోంది. పిన్ని వద్దంటుందని నేను కాచుకుని ఉన్నాను. వసంతంలో ఒక్క మాటలో అన్నది కదా, ఇప్పుడెందుకు అనదు? ఆమె ఒప్పుకుంటే ట్రక్కు మా ఊరికి కూడా వస్తుంది. అమ్మమ్మ చేలో వంగి ఉండగా గట్టు పక్కనుంచే ఆ మాటలతో ఆ బాణీ మోగుకుంటూ పోతుంది. అమ్మమ్మ ఇక నోరు తెరిచి దాన్ని పాడదు. ఆ సంగతి నాకు తెలుసు, పిన్నికీ తెలుసు.

“సరే, ముందు పని కానిద్దాం,” అన్నాడు బాంగ్. “ప్యో గారూ, మీరు ఊరికే కెమెరా పట్టుకుని కూర్చుంటే ఎలా? గ్లవుజులు వేసుకోండి. మీ ఫొటో నేను తీస్తాను. రాసే చేతులు కారం కలిపితే ఎలా ఉంటాయో జనం చూడాలి.”

ప్యో జేమున్ ఎన్నడూ కిమ్చీ పెట్టినవాడు కాడని చెయ్యి పెట్టిన తీరులోనే తెలిసిపోయింది. వెచ్చటి గది, వంగిన తల, కళ్ళజోడు జారింది. మా ఊళ్ళో అయితే ఆ సమయంలో పక్కవాళ్ళని పిలిచి ముక్కు గోకమంటాం. అతను చేత్తో కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఆ గ్లవుజుతోనే.

ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత గది అదిరిపోయేలా కేక.

“బావా! అమ్మో, కళ్ళు! బావా, నీళ్ళు, నీళ్ళు!”

ఎంపీ చేతిలో క్యాబేజీ విసిరేసి తొట్టి మీదుగా ఒక్క గెంతు గెంతాడు. “నలపకు! ఒరేయ్ జేమున్, నలపకురా! చెయ్యి తియ్యి, తియ్యమంటున్నానా! ఇలా కళ్ళు పోగొట్టుకుని వెళితే మీ అక్క నన్ను చంపేస్తుంది!”

అమ్మ సొరకాయ బుర్రతో నీళ్ళు తెచ్చింది. ఎంపీ అతని తల తన మోకాలి మీద పెట్టుకుని, చంటిపిల్లాడికి కడిగినట్టు కడిగాడు. “ఊపిరి తీసుకో. ఇంకొంచెం. పెళ్ళైన కొత్తలోనే చెప్పింది మీ అక్క, వీడికి చేతులు తిన్నగా ఉండవని.” నీళ్ళు పట్టా మీద ఎర్రగా పారి బాంగ్ దూసిక్ మేజోళ్ళదాకా వచ్చాయి. అతను కదల్లేదు.

కళ్ళు కడగడం అయ్యాక కానీ తామేం మాట్లాడారో వాళ్ళకి తట్టలేదు. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

అమ్మమ్మే మొదట నోరు విప్పింది. ఎంతో మర్యాదగా.

“ఏ అక్కనయ్యా ఇచ్చింది? పెద్దదాన్నా, చిన్నదాన్నా?”

బాంగ్ దూసిక్ వెంటనే అందుకున్నాడు. “అమ్మమ్మగారూ, మనవాళ్ళ సంగతి మీకు తెలియనిదేముంది? రెండేళ్ళు పెద్దయితే చాలు, ఎవరైనా అన్నే. నిన్న నేను ట్యాక్సీ అతన్ని అన్నయ్యా అన్నాను. అంతమాత్రాన మా అమ్మ వాణ్ణి కన్నట్టా?”

“అన్నయ్యా అంటే నేనెందుకు అడుగుతాను నాయనా. నా బతుకంతా నేనూ అందర్నీ అన్నయ్యా అనే పిలిచాను. బావా అన్నాడు. కళ్ళు మండి అన్నాడు. ఆయనేమో మీ అక్క అన్నాడు. ట్యాక్సీ వాడి అక్కని నువ్వు చేసుకున్నావా?”

అమ్మ తల తిప్పుకుంది. నవ్వు ఆపుకోవడానికి. నాకు నవ్వు రాలేదు. నా చెవులు కాలిపోతున్నాయి. బస్సులో వెనక సీటు గుర్తొచ్చింది. వేసవంతా పిన్ని ఫోను మోగడం కోసం ఫోను పక్కనే అన్నం తినడం గుర్తొచ్చింది. ‘ఆ విలేకరి ఎవరో నాకు తెలియదు’ అంటూ టీవీలో తడిసిన ఆ కళ్ళు గుర్తొచ్చాయి. ఇందాక రెండు చేతులతో పుచ్చుకుని శ్రద్ధగా చదివిన కార్డు గుర్తొచ్చింది.

ముక్కూ మొహం తెలియని మనుషుల ముందు నేను గొంతెత్తి మాట్లాడటం అదే మొదటిసారి. ఎంపీ కళ్ళలోకి చూడలేక, చొక్కా గుండీ వైపు చూసి అన్నాను.

“మీకు తెలియదన్నారు కదా.”

“ఏమంది పాప?”

“ఆయనెవరో తెలియదని టీవీలో అన్నారు. మేం చూశాం.”

ఎంపీ నవ్వాడు. “పాప ఏ తరగతి చదువుతోంది? చాలా చురుకు.”

“నేనడిగింది అది కాదు.” గుండీ మీంచి చూపు తిప్పలేదు. “మీకు పాట కావాలి, మేం ఇవ్వలేదు. మీ బావమరిది దొంగపాట అని రాశాడు. ఆయన రాశాడని ఈయన తీసేశాడు. ఈయన తీసేశాడు కాబట్టి నిజమే అయ్యుంటుందని ఊరంతా అనుకుంది. మీరు టీవీలో కూర్చుని బాధపడ్డారు. ఇప్పుడు ముగ్గురూ కలిసొచ్చి, మీరు తీసుకున్నదే మాకు తిరిగిస్తామంటున్నారు. అదీ పాట ఇస్తేనే.”

“అబ్బో,” అన్నాడు బాంగ్, “అసలు విలేకరి వంటింట్లో దాక్కుందన్నమాట.”

ఎవరూ నవ్వలేదు. ప్యో జేమున్ తడి తువ్వాలు కంటికి అదుముకుని లేచి కూర్చున్నాడు. ఒక కన్ను మాత్రమే కనిపిస్తోంది, నెత్తురు ముద్దలా.

“చుట్టరికం ఉండటం నేరమా? ఈ దేశంలో ఎవరికి ఎవరు చుట్టం కారు? ఒకే బడి, ఒకే ఊరు, ఒకే సైనిక దళం. అలా చూస్తే ఏ విలేకరీ ఎవరి గురించీ రాయకూడదు. నేను రాసింది తప్పయితే తప్పని చెప్పండి.”

“మా అమ్మమ్మని అడిగారా?” అన్నాను.

“ఎందుకు అడగాలి?”

“బాణీ ఆవిడది కాబట్టి.”

అతను అమ్మమ్మ వైపు చూశాడు. ఆ రోజంతా ఆమె వైపు అతను చూడటం అదే మొదలు.

“ఒక్క ఫోను చేసుంటే చాలు నాయనా,” అంది అమ్మమ్మ. “పాడి వినిపించేదాన్ని. మా అమ్మ ఎట్లా పాడేదో, నేను ఎక్కడ తప్పు పాడతానో అది కూడా చెప్పేదాన్ని. జపాను వాళ్ళు మా ఊళ్ళో బియ్యం పట్టుకుపోయారని మా అమ్మ చెప్పేది. పాటలు ఇచ్చి పోయారని చెప్పలేదు.” ఆమె గ్లవుజులు ఒక్కొక్క వేలూ లాగి విప్పింది. “ఈ కిమ్చీ ఎంపీ గారి ఆఫీసుకి పంపు పెద్దమ్మాయ్. నాకొద్దు. నేను ముల్లంగి నీళ్ళు తాగి బతుకుతాను ఈ చలికాలం.”

ఆమె పెరట్లోకి వెళ్ళిపోయింది. “అమ్మా, చలి, శాలువా కప్పుకో,” అంటూ అమ్మ వెనకే వెళ్ళింది.

ఇక అంతా అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు పిన్ని లేస్తుంది, ముగ్గురికీ మెట్టు మీద బూట్లు చూపిస్తుంది అనుకున్నాను. పిన్ని ఇంకా క్యాబేజీలో కారం కూరుతూనే ఉంది. ఆఖరి ఆకు మడిచి, ఉండలా చుట్టి, డబ్బాలో పెట్టింది.

“నాకు తెలుసు,” అంది.

“ఏది పిన్నీ?”

“ఆయన ఈయనకి బావ అని. ఆ పెళ్ళిలో పాడింది నేనే.”

బాంగ్ దూసిక్ పట్టా మీది ఎర్ర నీళ్ళకేసి చూస్తున్నాడు.

“గుక్ గారు అప్పుడు ఎంపీ కాదు, లాయరు,” అంది పిన్ని. గొంతులో ఏ తేడా లేదు. క్యాబేజీ ధర చెప్పినట్టు చెప్పింది. “పెళ్ళి నడిపించింది దూసిక్ అన్నయ్య. వేదిక మీద జోకులేస్తూ పెళ్ళికొడుకుతో గుంజీళ్ళు తీయించాడు. పెళ్ళికూతురి తమ్ముడు వెక్కి వెక్కి ఏడ్చాడు, మా అక్కని బాగా చూసుకో బావా అని. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తెల్ల గౌను అద్దెకి తెచ్చుకుని పాడాను. భోజనాల దగ్గర దూసిక్ అన్నయ్య నా నంబరు అడిగాడు. ఆ శనివారమే మొదటిసారి టీవీలో కనిపించాను. మీరంతా ఈ గదిలోనే కూర్చుని చూశారు. నువ్వు చిన్నదానివి, తెర మీద నా బుగ్గ ముట్టుకున్నావు.”

“చూశారా మరి,” అన్నాడు ఎంపీ మెల్లగా. గొంతులోకి మళ్ళీ తేనె వచ్చింది. “మనమంతా ఒకటే కదండీ. ఎక్కడో చిన్న అపార్థం.”

పాపం పిన్ని, ఏమీ తెలియని పిన్ని, ముగ్గురూ కలిసి అన్యాయం చేసిన పిన్ని అని ఇన్నాళ్ళూ ప్రతి రాత్రీ నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆమెకి మొదటి రోజు నుంచీ తెలుసు. ఎంపీ టీవీలో అబద్ధం ఆడుతుంటే మా పక్కనే కూర్చుని చూసింది. బస్సులో పిల్లలు ఏమన్నారో చెప్పుకుని నేను ఏడుస్తుంటే నా తల నిమిరింది. ఒక్క మాట చెప్పలేదు.

“నువ్వు చెప్పి ఉంటే?” అన్నాను. “ఇదే మాట నువ్వు అప్పుడే బయట చెప్పి ఉంటే, వీళ్ళ మాట ఎవరు నమ్మేవాళ్ళు?”

“చెబితే నేనెట్లా పైకి వచ్చానో కూడా చెప్పాలి.”

“చెప్పాల్సింది!”

“అరవకు.”

“అరుస్తాను! అమ్మమ్మ పాట అది. నీది కాదు ఇవ్వడానికి. వీళ్ళు దొంగలని నేననుకున్నాను. నువ్వూ...”

పిన్ని లేచి వచ్చింది. గ్లవుజులు తియ్యలేదు. కారం తగలకుండా మోచేత్తో నా వీపు మీద అదిమి, తలుపు దాకా నడిపించింది. నేను కాళ్ళు బిగబట్టాను. నా మేజోళ్ళు తడి పట్టా మీద జారిపోయాయి. వెనక బాంగ్ దూసిక్ ఫోను సరిచేసుకుంటున్న చప్పుడు. ఎవరో గొంతు సవరించుకున్నారు.

గడప అవతల చెక్క అరుగు మంచులా ఉంది. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది, దూరంగా పెరట్లో అమ్మమ్మ ఒక్కతే జాడీల మధ్య నిలబడి ఉంది, మా వైపు వీపు పెట్టి.

“పిన్నీ, పాడొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

పిన్ని నా మొహంలోకి చూసింది. కారం ఘాటుకో, మరి దేనికో, ఆమె కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

“మా అమ్మని పొలం వైపు తీసుకుపో యున్‌సుల్,” అంది. “దూరంగా. ఇప్పుడు నేను పాడబోయేది మీ ఇద్దరి చెవినా పడకూడదు.”

మోచేత్తోనే తలుపు జరిపింది. అది నా మొహానికి బెత్తెడు దూరంలో మూసుకుపోయింది. లోపల కొక్కెం పడింది.